గోండ్వానా పాఠం మనమే చెప్పాలి
మర్లవాయి శిక్షణ కేంద్రం నుంచి నేటి బీఎడ్ తరగతి గది దాకా



మనలో చాలామందికి ఒక అనుభవం ఉంటుంది. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం పీరియడ్. సారు నల్లబల్ల మీద ప్రపంచ పటం గీశారు. ఒకప్పుడు భూఖండాలన్నీ కలిసి ఉండేవని చెప్పారు. ఉత్తరాన ఉన్నదాని పేరు లారేషియా, దక్షిణాన ఉన్నదాని పేరు గోండ్వానా అని రాశారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న వస్తుంది, గుర్తు పెట్టుకోండి అన్నారు. గంట కొట్టారు. ఆ తరగతిలో సగం మంది గోండు పిల్లలే. ఆ పేరు మన పేరేనని ఎవరూ చెప్పలేదు. సారుకు బహుశా తెలియదు. తెలిసినా చెప్పాలని తోచలేదేమో. మేమూ అడగలేదు.

ఆ సారును తప్పుపట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ పాఠం చెప్పడానికి ఆయనను ఎవరూ తయారు చేయలేదు. ఉపాధ్యాయుడు తరగతి గదిలోకి వచ్చేముందు ఎలా తయారవుతాడు, ఎవరు తయారు చేస్తారు, ఏ భాషలో, ఏ నేల మీద అన్నదే అసలు విషయం. మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు ఎనభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఈ ఏడాది బీఎడ్, డీఎడ్ చదువుతూ టీచింగ్ ప్రాక్టీసుకు బడులకు వెళ్లబోతున్న మన పిల్లల కోసం ఆ చరిత్రను ఇక్కడ చెప్పుకుందాం.

మన పేరు రాళ్లకెక్కిన తీరు

ముందు పేరు సంగతి. నర్మదకు దక్షిణాన ఉన్న మన పూర్వీకుల రాజ్యాల ప్రాంతాన్ని గోండ్వానా అనేవారు. భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన హెన్రీ బెనెడిక్ట్ మెడ్లికాట్ 1872లో అక్కడి బొగ్గు పొరలున్న రాళ్లకు గోండ్వానా అనే పేరు వాడాడు. అదే సంస్థలో శిలాజాలు పరిశీలించిన ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్ 1876లో ఆ పేరును అచ్చులోకి తెచ్చాడు. ఆ రాళ్లలో నాలుక ఆకారంలో ఉండే ఒక ఆకు ముద్రలు దొరికాయి. ఆ మొక్క పేరు గ్లాసోప్టెరిస్. ఇవే ముద్రలు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో కూడా ఉన్నాయి. ఇంత దూరాన ఉన్న నేలల్లో ఒకే చెట్టు ఎలా పెరిగింది? ఇవన్నీ ఒకప్పుడు ఒకే నేల అయి ఉండాలని వియన్నా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్వర్డ్ సూయెస్ భావించాడు. 1885లో ఆ పాత మహాఖండానికి గోండ్వానాలాండ్ అని పేరు పెట్టాడు. మధ్యలో ఉన్న నేల సముద్రంలో మునిగిపోయిందని ఆయన అనుకున్నాడు. మునగలేదు, ఖండాలే విడిపోయి జరిగాయని 1912లో ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ చెప్పాడు.

అదే 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ కెప్టెన్ స్కాట్, ఆయన తోటివారు మంచులో చనిపోయారు. ఆకలితో, చలితో నడవలేని స్థితిలో కూడా వాళ్లు సుమారు 16 కిలోల రాళ్లను వదలకుండా స్లెడ్జి బండి మీద లాక్కొచ్చారు. తర్వాత చూస్తే వాటిలో గ్లాసోప్టెరిస్ ఆకు ముద్రలున్నాయి. అంటే మంచు ఖండం కూడా గోండ్వానాలో భాగమే. మన జాతి పేరు అంటార్కిటికా దాకా వెళ్లింది. మన బడి పిల్లాడి దాకా మాత్రం రాలేదు.

మర్లవాయిలో మొదలైన బడి

సూయెస్ పాఠాలు చెప్పిన వియన్నా విశ్వవిద్యాలయంలోనే తర్వాతి కాలంలో మరొకరు చదువుకున్నారు. ఆయన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. మన పెద్దలకు ఆయన హైమన్‌డార్ఫ్ సాబ్.

1940లో జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీం, ఆయన సహచరులు నిజాం పోలీసుల తూటాలకు బలయ్యారు. జల్, జంగల్, జమీన్ అన్న మాట అక్కడి నుంచే మనకు వచ్చింది. గోండులు, కోలాములు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన భార్య ఎలిజబెత్‌తో కలిసి మర్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. మర్లవాయి ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. భూమి పోవడమే మూలకారణమని ఆయన గ్రహించాడు. భూమి ఎలా పోతోందో కూడా గ్రహించాడు. కాగితం మీద ఏముందో మనవాళ్లకు తెలియదు. కాగితం రాసేవాడికి మన మాట తెలియదు. కచేరీ భాష ఉర్దూ, షావుకారు భాష మరాఠీ లేదా తెలుగు, మన భాష గోండి. వేలిముద్ర వేసినవాడికి తన పొలం ఎప్పుడు ఇంకొకరిదైందో తెలిసేది కాదు.

1943లో మర్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. ఈ మాటను గమనించండి. ముందు బడులు కట్టి, తర్వాత బయటి నుంచి పంతుళ్లను తేలేదు. ముందు మన కుర్రాళ్లను పంతుళ్లుగా తయారు చేయడం మొదలుపెట్టారు. అప్పటికి చదవడం వచ్చిన గోండులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అలాంటి చోట ఉపాధ్యాయ శిక్షణ అంటే నవ్వినవాళ్లూ ఉండే ఉంటారు. అయినా చేశారు. గోండిలో వాచకాలు తయారయ్యాయి. ఆ ప్రాంతంలో మరాఠీ వాడుక ఉండేది కాబట్టి వాటిని నాగరి లిపిలో అచ్చువేశారు. పిల్లాడు మొదట తన మాటను తన కళ్లతో చదివాడు. మిగతా భాషలు తర్వాత నేర్చుకున్నాడు. సేతు మాధవరావు పగ్డీ వంటి అధికారులు తామే గోండి నేర్చుకున్నారు. పగ్డీ గోండి వ్యాకరణం కూడా రాశారు.

ఈ పథకాన్ని పూర్తిగా పొగడాలని మేము అనడం లేదు. తూటాలు పేల్చిన ప్రభుత్వమే బడి పెట్టింది. భీం ప్రాణం పోయాకే ఆ బడి వచ్చింది. ఈ రెండూ మరవకూడదు. కానీ ఆ శిక్షణ కేంద్రం నుంచి నేర్చుకోవలసినవి మూడున్నాయి. ఒకటి, శిక్షణ పట్నంలో కాక మన ఊళ్లోనే జరిగింది. రెండు, పంతులు, పిల్లాడు ఒకే భాష మాట్లాడారు. మూడు, చదువు నేల సమస్యకు జవాబుగా వచ్చింది. ఎలిజబెత్ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూసినప్పుడు ఆమెను మర్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో ఆయన పోయాక ఆయన గుర్తు కూడా అక్కడికే చేరింది. ఏటా జనవరిలో మనవాళ్లు అక్కడ దీపం పెట్టడం వెనుక ఉన్న కృతజ్ఞత ఇదే.

భాష మారింది, పంతులు మారాడు

1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. 1956లో భాషా ప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడ్డాయి. ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. బడి భాష తెలుగైంది. నాగరి లిపిలో ఉన్న గోండి వాచకాలు మూలకు చేరాయి. బడులు పెరిగాయి, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, ఐటీడీఏలు వచ్చాయి. ఇవి మంచివే. కానీ మైదానం నుంచి వచ్చిన పంతులుకు పిల్లాడి మాట తెలియదు, పిల్లాడికి పంతులు మాట తెలియదు. రోడ్డు లేని గూడేనికి పోస్టింగ్ పడితే బదిలీ కోసం తిరగడమే పనైపోయేది. తాళం వేసిన బడులు మన ప్రాంతమంతా ఉండేవి.

ఈ పరిస్థితి మారాలని 1986 నవంబరులో 275 నంబరు జీవో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలు స్థానిక గిరిజనులకే అని అది చెప్పింది. న్యాయ వివాదాల్లో చిక్కి నిలవలేదు. 2000 జనవరి 10న రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద 3 నంబరు జీవో వచ్చింది. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో మన ఇళ్ల నుంచి డీఎడ్, బీఎడ్ చేసినవాళ్లు పెద్ద సంఖ్యలో బడులకు వెళ్లారు. మనలో ఎంతోమందికి ఇంట్లో మొదటి ఉద్యోగం ఆ జీవో వల్ల వచ్చిందే. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారు చేసి బహుభాషా బోధన మొదలుపెట్టారు. గోండి, కోలామి, కోయ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషలు అందులో ఉన్నాయి. ఈసారి లిపి తెలుగు. మర్లవాయి ఆలోచన అరవై ఏళ్లకు మళ్లీ మొలకెత్తింది.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 3 నంబరు జీవోను కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలను షరతులతో కాపాడింది. ఆ తీర్పు మీద మన సంఘాల పోరాటం వేరే వ్యాసం అవుతుంది. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. జీవో ఉన్నప్పుడు మన పిల్లలకు బడిలో చోటు దొరికింది. జీవో లేనప్పుడు మన చేతిలో మిగిలేది మన తయారీ. హక్కు కోసం అడగడం ఆపకూడదు. ఆ హక్కు వచ్చేదాకా తయారీ ఆపకూడదు.

భూమి పాఠానికి మనం ఎందుకు కావాలి

మన బడుల్లో భూమి శాస్త్రం అని విడిగా సబ్జెక్టు లేదు. సాంఘికంలో కొంత, సామాన్య శాస్త్రంలో కొంత చెదిరి ఉంటుంది. అందుకే అది ఎవరి పాఠమూ కాకుండా పోతుంది. సాంఘికం సారు పటం చూపిస్తాడు. సైన్సు మేడం బొగ్గు గురించి చెప్తుంది. రెండూ ఒకే కథ అని పిల్లలకు ఎవరూ చెప్పరు.

ఆ కథ మన కాళ్ల కింద ఉంది. భారత భూగర్భ సర్వేకు చెందిన డాక్టర్ కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. దాని నుంచి సింగరేణి పుట్టింది. బెల్లంపల్లి నుంచి మణుగూరు దాకా గోదావరి లోయలో తవ్వుతున్నది గోండ్వానా బొగ్గే. వేమనపల్లి వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకు 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మన ఊరి పేరు మోస్తున్న ఆ రాకాసిబల్లి అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఉట్నూరు మెట్ట మీది నల్లరేగడి 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా చల్లారి, నల్లరాయిగా మారి, అది అరిగి అయిన మట్టి.

ఇది ఉత్త విజ్ఞానం కాదు. 1997 జూలై 11న సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని ఆ తీర్పు. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి, బొర్రా ప్రాంతం ఆదివాసీల పోరాటం దానికి మూలం. తమ కొండలో ఏ ఖనిజం ఉందో, దాన్ని తవ్వితే ఊట ఏమవుతుందో తెలిసిన ఊరు గ్రామసభలో ఒక రకంగా మాట్లాడుతుంది. తెలియని ఊరు తలూపుతుంది. 1943లో కాగితం చదవడం నేలను కాపాడింది. నేడు నేలను చదవడం కూడా రావాలి. ఆ చదువు చెప్పేది బడి పంతులే.

టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లేముందు

2015 నుంచి బీఎడ్ రెండేళ్లయింది. అందులో బడిలో గడపవలసిన కాలం 20 వారాలు. మొదటి 4 వారాలు చూడటం, తెలుసుకోవడం ఎక్కువ. తర్వాతి 16 వారాలు పూర్తిస్థాయి ఇంటర్న్‌షిప్. చాలామంది ఈ కాలాన్ని రికార్డులు నింపడంలో గడిపేస్తారు. సీనియర్ల పాఠ్య ప్రణాళికలు చూసి రాసేస్తారు. చార్టులు కొని అతికిస్తారు. మేము కూడా అలా చేసినవాళ్లమే కాబట్టి చెప్తున్నాం. రికార్డుకు మార్కులు వచ్చాయి, పాఠం చెప్పడం రాలేదు. సొంతంగా పాఠం చెప్పే రోజు వచ్చినప్పుడు చేతులు వణికాయి.

భూమి పాఠం చెప్పడంలో రెండు కష్టాలున్నాయి. మొదటిది కాలం. కోట్ల ఏళ్లు అంటే పిల్లాడికి ఏమీ కనిపించదు. దీనికి ఒక తాడు చాలు. 46 మీటర్ల తాడు తీసుకోండి. భూమి వయసు సుమారు 460 కోట్ల ఏళ్లు. అంటే ఒక్కో మీటరు పది కోట్ల ఏళ్లు. బడి ఆవరణలో తాడు పరిచి పిల్లలను నడిపించండి. ఒక చివర భూమి పుట్టింది, రెండో చివర ఇవాళ. ఇవాళ్టి నుంచి వెనక్కి రెండున్నర, మూడు మీటర్ల మధ్య మన బొగ్గు అడవి పెరిగింది. రెండు మీటర్లకు కాస్త ఇవతల కోటాసారస్ తిరిగింది. 66 సెంటీమీటర్ల దగ్గర మన నల్లరాయి పారింది. మనిషి పుట్టింది చివరి మూడు మిల్లీమీటర్లలో. లిపి పుట్టి ఇప్పటిదాకా గడిచిన కాలమంతా ఒక వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ చివర వేలు పెట్టిన పిల్లాడు ఒక్క క్షణం మాట్లాడడు. ఆ నిశ్శబ్దమే మీ పాఠం.

రెండో కష్టం, రాయి మారుతుందని నమ్మించడం. రాయి అంటే మారనిది అన్నది మన మాటల్లోనే ఉంది. దీనికి గాజు సీసాలో మట్టి, నీళ్లు పోసి కుదిపి పెట్టండి. ముందు ఇసుక దిగుతుంది, తర్వాత ఒండ్రు, ఆఖరున బంకమట్టి. పొరలు ఎలా పడతాయో పిల్లలు కళ్లతో చూస్తారు. ఆ తర్వాత వాగు గట్టుకు తీసుకెళ్లి పొరలు చూపించండి. వేసవిలో నల్లరేగడి చేను పగుళ్లిస్తుంది, వానకు ఉబ్బుతుంది. పై మట్టి ఆ పగుళ్లలో పడి లోపలికి పోతుంది. అందుకే దాన్ని తనను తానే దున్నుకునే నేల అంటారు. ఇది మీ కంటే పిల్లాడి తాతకు బాగా తెలుసు. ఆయన్ను ఒక రోజు తరగతికి పిలవండి. ఏ మట్టిలో ఏ పంట వేస్తారో, ఎక్కడ తవ్వితే నీళ్లు పడతాయో ఆయన చెప్పాలి. ఎందుకలా అన్నది మీరు చెప్పాలి.

భాషను వదలకండి. నీళ్లను గోండిలో యేర్ అంటాం. తెలుగు ఏరు దాని చుట్టమే. ఇలాంటి ఒక మాట నల్లబల్ల మీద పక్కపక్కన రాస్తే పిల్లాడికి రెండు భాషలూ తనవే అవుతాయి. గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి చేరింది. కాబట్టి రాళ్ల పేర్లు, మట్టి పేర్లు మన లిపిలో ఫోన్‌లోనే నిల్వ చేసుకోవచ్చు. మీ ఊరి పెద్దవాళ్లను అడిగి ఆ పేర్ల పట్టిక తయారు చేసుకోండి. మీ ఇంటర్న్‌షిప్ రికార్డులో కొన్న చార్టు కంటే దానికి విలువ ఎక్కువ.

మన జాతరలోనూ ఈ పాఠం ఉంది. పుష్య మాసంలో నాగోబా పూజ కోసం మెస్రం వంశీయులు కేస్లాపూర్ నుంచి కాలినడకన హస్తినమడుగు వెళ్లి గోదావరి జలం తెస్తారు. నల్లరాయి మెట్ట మీద బయలుదేరి, ఘాట్లు దిగి, నది లోయకు చేరతారు. ఆ దారి పొడవునా నేల రంగు మారుతుంది, రాయి మారుతుంది, చెట్టు మారుతుంది. కాలేజీవాళ్లు బస్సు మాట్లాడుకుని వెళ్లే ఫీల్డ్ ట్రిప్‌ను మన పెద్దలు తరతరాలుగా కాలినడకన చేస్తూనే ఉన్నారు. భక్తితో నడిచే దారిని గౌరవంతోనే చూడాలి. ఆ యాత్రలో చేరి రాళ్లు కొట్టమని మేము చెప్పడం లేదు. మరో రోజు, పెద్దల అనుమతితో, పిల్లలతో ఆ దారిలో కొంత దూరం నడవండి. ఎక్కడ మట్టి మారిందో పుస్తకంలో రాయించండి.

చివరగా

1943లో మర్లవాయికి వచ్చిన కుర్రాళ్ల చేతిలో ఏముంది? డిగ్రీ లేదు, ఫోన్ లేదు, రోడ్డు లేదు. తమ భాష ఉంది, తమ ఊరు ఉంది, నేర్చుకోవాలన్న పట్టుదల ఉంది. వాళ్లు పలక పట్టుకుని తిరిగి వెళ్లిన గూడేల నుంచే మనం వచ్చాం. మీ చేతిలో ఇప్పుడు డిగ్రీ, 20 వారాల బడి, ఒక తాడు, ఒక సీసా, మన పేరు పెట్టుకున్న ఒక మహాఖండం ఉన్నాయి.

మీరు టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లిన బడిలో గోండ్వానా పాఠం వచ్చిన రోజున ఆ పేరును నల్లబల్ల మీద పెద్దగా రాయండి. ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికైనా తెలుసా అని అడగండి. ఎవరూ చేయి ఎత్తకపోతే మెల్లగా చెప్పండి. ఆ రోజు వెనక బెంచీలో కూర్చున్న పిల్లాడు ఇంటికెళ్లి, బాపూ, మన పేరు అంటార్కిటికాలో కూడా ఉందట అని చెప్తాడు. మనకు చెప్పనిది వాళ్లకైనా అందాలి.

జై సేవా! జై జోహార్!